ఇతరములు

ప్రశ్న పద్నాలుగు దగ్గర ఆగిపోతాం, ప్రతిసారీ.

జలీబ్‌లో, హసావి సందులో
టైలరు షాపు మీది గది.
కింద మిషన్లు నడుస్తుంటే
బల్ల మీద రక్తపు గొట్టాలు సన్నగా వణుకుతాయి.
ఏసీ నీళ్ళు పాత నూనె డబ్బాలోకి
నా గడియారం కంటే నిక్కచ్చిగా పడతాయి.

నేను డాక్టర్ని కాదు.
పుల్లంపేట మనిషిని,
ఫర్వానియా ల్యాబులో సూది గుచ్చేదాన్ని.
శుక్రవారాలు మాత్రం
సర్వే వాళ్ళ ఇంగ్లీషును తెలుగులోకి దించే కూలీని.

దించడం అంత సులువా?
పార్ట్‌నర్ అని ఉంది కాగితంలో.
"భాగస్వామి" అన్నాను మొదటిరోజు.
ఎదురుగా కూర్చున్నామె పగలబడి నవ్వింది:
"యాపారంలో పొత్తా మేడం? లాభంలో నా వాటా ఏదీ?"
అప్పట్నుంచి "వచ్చినోడు" అంటున్నాను.
రిస్కును "ముప్పు" అన్నాను.
"ఏ ముప్పు? రోగానిదా, పోలీసుదా, బాడుగదా,
పారిపోయిందని కఫీలు పెట్టిన కేసుదా?
వరస చెప్పు, వరసగా భయపడతాం."

పేర్లు రాయకూడదు.
గొట్టం మీద అంకె, కాగితం మీద అదే అంకె.
ఫలితం వాళ్ళకు చెప్పకూడదు:
చెబితే ఎక్కడో నమోదవుతుంది,
నమోదైతే వేలిముద్ర,
వేలిముద్రైతే విమానం.
అందుకని లెక్క మేం తెలుసుకుంటాం,
మనిషికి తెలియనివ్వం.
ఆ నియమాల పత్రం కూడా నేనే అనువదించాను,
ఎక్కడా తడబడకుండా.

తూజ్ లేచిన శుక్రవారం ఒకామె వచ్చింది.
ముక్కు దాకా చున్నీ, కనుబొమల్లో ఇసుక.
ముప్పై ఏడో అంకె.
"నా పేరు కుళ్ళాయమ్మ" అంది కూర్చోకముందే.
వద్దమ్మా, చెప్పకూడదు.
"చెప్పనీ. ఆడ సమీరా, ఈడ బేబీ,
అరబ్బోళ్ళింట్లో ఆరేండ్లు 'యా బింత్'.
నా పేరు నాకే నోరు తిరగకుండా పోతాండాది."

పోయిన నెల తొడుగు లేకుండా ఎన్నిసార్లు? ఎందుకు?
దొరకలేదు. వచ్చినోడు ఒప్పుకోలేదు.
ఎక్కువ డబ్బిచ్చాడు. ఇతరములు.

ఆమె గోళ్ళు చూసుకుంది.
"బ్యాగులో నాలుగుండె. తనిఖీలో దొరికితే
అదే సాక్ష్యమంట.
పోలీసులు బిల్డింగు ఎక్కుతాండారంటే
కమోడులో ఏసి నీళ్ళొదిల్నా.
వాళ్ళు పక్క గదికి పోయినారు.
ఆ రేత్రి ముగ్గురు."

'ఇతరములు' పక్కన గీత
నా చిటికెన వేలంత.
"పోలీసు భయం" అని రాశాను.
చదువు రాదు ఆమెకు, చూస్తోంది.
"అంత చెప్తే ఇంతేనా?" అంది.

చున్నీ పైకి జరిపి చేయి చాపింది.
మోచేతి మడత కింద కాలిన మచ్చ,
ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో.
దానికి ప్రశ్న లేదు.
పక్క నరం చూసి గుచ్చాను.

మూడు వారాలకు
ముప్పై ఏడు దగ్గర రెండు గీతలు.
డేటా శుభ్రంగా ఉందన్నారు పైవాళ్ళు.
శాతంలో దశాంశం తర్వాతి అంకె మారింది.

నాకు మాత్రం పేరు తెలుసు.
పొరపాటున చెప్పిందేమో అనుకున్నాను చాలారోజులు.
ఇప్పుడనుకోవడం లేదు.

ఏమీ అడగకుండా మందిచ్చే డాక్టరమ్మ నంబరు
టైలరు జబ్బార్‌భాయ్ చాక్‌ముక్కతో గుడ్డ పేలిక మీద రాసుకుని
సందులన్నీ తిరిగాను.
బకాలా వాడికి బేబీలు నలుగురు తెలుసు,
సమీరాలు లెక్కలేదు.
కుళ్ళాయమ్మంటే ఎవరూ తెలియదన్నారు.
ఆమె నాకిచ్చింది ఆ ఒక్క పేరే.

రెండో విడత కాగితాలొచ్చాయి.
ప్రశ్న పద్నాలుగు అలాగే ఉంది, గీత కూడా.
స్కేలు పెట్టి దాన్ని అంచుదాకా లాగాను,
వెనక్కి తిప్పి, అటువైపు కూడా.

తర్వాత కిటికీ తీసి
ఇసుక నోట్లోకి పోతున్నా
గట్టిగా పిలిచాను పేరు పెట్టి.

కింద ఒక మిషను ఆగింది.
మళ్ళీ నడిచింది.